సర్క్యులర్ సా వెనక్కి ఎందుకు తంతుంది

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఆదివారం పూట విశ్రాంతి మానుకొని ఇంత దూరం వచ్చిన వడ్రంగి సోదరులకు నమస్కారం. వచ్చే వారం ఆయుధ పూజ. మన అనంతపురం, చిత్తూరు వైపు కంటే బెంగళూరులో ఈ పండుగ ఘనంగా జరుగుతుంది. గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ కొట్టని వర్క్‌షాపు ఆ రోజున కనబడదు. బొట్టు పెట్టేముందు మిషన్లను ఎలాగూ తుడుస్తాం కాబట్టి, తుడిచేటప్పుడు సర్క్యులర్ సాలో, అంటే గుండ్రని బ్లేడు తిరిగే మోటారు రంపంలో, ఏమేం చూడాలో, ఏమేం సరిచేసుకోవాలో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు.

మన తండ్రులు వాడిన రంపం చెయ్యి ఆపితే ఆగిపోయేది. సర్క్యులర్ సా అలా ఆగదు. మనలో చాలామంది వాడే ఏడుంపావు అంగుళాల బ్లేడు, అంటే సుమారు 185 మిల్లీమీటర్ల బ్లేడు, నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుందనుకుంటే దాని అంచున ఉన్న పన్ను గంటకు 170 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతున్నట్టు లెక్క. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో గంటకు పది కిలోమీటర్లతో సరిపెట్టుకునే మనకు ఆ వేగం ఊహకు అందదు. చెయ్యి వెనక్కి తీసుకోవాలన్న ఆలోచన పుట్టేలోపే కోత పడిపోతుంది. అందుకే నేను చెప్పబోయే వాటిలో ఎక్కువ భాగం స్విచ్ నొక్కకముందు చేయవలసిన పనులే.

అసలు విషయానికి ముందు కొందరికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. వైట్‌ఫీల్డ్‌లోనో సర్జాపురంలోనో ఏ ఫ్లాట్ ఇంటీరియర్ పనికి వెళ్లినా ప్లైవుడ్‌ను నాలుగు అంగుళాల మార్బుల్ కట్టర్‌తో కోస్తుండటం చూస్తున్నాను. అది రాయి కోయడానికి చేసిన మిషన్. రాయి కోసే డైమండ్ బ్లేడుకు పళ్లుండవు, అది అరగదీస్తూ పోతుంది. పళ్లున్న చెక్క బ్లేడు కరుచుకుంటూ పోతుంది. పైగా ఆ మిషన్ నిమిషానికి 12,000 చుట్ల వరకు తిరుగుతుంది, కోత నుంచి బయటికి రాగానే బ్లేడును మూసే కింది గార్డు దానికి ఉండదు. ఇక పెద్ద బ్లేడు పట్టడం కోసం ఉన్న పై గార్డును కూడా ఊడదీసేవారితో నాకు వాదించే ఓపిక లేదు. తేలికగా ఉంటుంది, చవకగా వస్తుంది, ఒక చేత్తో పట్టుకోవచ్చు అంటారు. ఒక చేత్తో పట్టుకోవడమే దానిలోని చిక్కు. ధర గురించి బెంగ ఉన్నవారు, 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం ఉందన్న సంగతి కనుక్కోండి.

ఇప్పుడు మిషన్ వెనక్కి తన్నడం గురించి. బ్లేడు ఎటు తిరుగుతుందో ఒకసారి మనసులో బొమ్మ గీసుకోండి. ముందువైపు పళ్లు కింది నుంచి పైకి లేస్తాయి, అడుగున ఉన్న పళ్లు మనకు దూరంగా ముందుకు పోతాయి, వెనకవైపు పళ్లు పై నుంచి కిందికి దిగుతాయి. కోత సాఫీగా సాగుతున్నంతసేపు ముందు పళ్లు చెక్కను పైకి లాగుతూ, మిషన్ అడుగున చెక్క మీద ఆనే బేస్ ప్లేటును చెక్కకు అదిమి ఉంచుతాయి కాబట్టి మిషన్ బుద్ధిగా కూర్చుంటుంది. కోసిన సందు మూసుకుపోయి బ్లేడును రెండు వైపులా నొక్కితే మాత్రం కథ మారుతుంది. వెనక పళ్లు కిందికి దిగలేక మిషన్‌ను పైకి ఎత్తుతాయి, అడుగు పళ్లు ముందుకు పోలేక మిషన్‌ను వెనక్కి నెడతాయి. పైకీ వెనక్కీ ఒకేసారి వచ్చిన మిషన్ తిరుగుతున్న బ్లేడుతో సహా మన తొడ మీదికో, చెక్క పట్టుకున్న ఎడమ చేతి మీదికో దూకుతుంది.

ఇది నాకు చదివితే తెలియలేదు. చాలా ఏళ్ల క్రితం ఒక ఫ్లాట్‌లో ఎనిమిదడుగుల ప్లైను రెండు స్టూళ్ల మీద అటొక అంచు, ఇటొక అంచు ఆనించి సరిగ్గా మధ్యలో కోశాను. కోత సగం దాటేసరికి షీటు తన బరువుకు తానే మధ్యలో కుంగి, పై అంచులు దగ్గరికొచ్చి బ్లేడును పట్టేశాయి. మిషన్ ఎగిరి నా ప్యాంటును చీల్చింది, తొడ మీద చర్మం గీసుకుపోయింది. బ్లేడు ఇంకో రెండు అంగుళాలు ఇటు వచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. నాకు సహాయకుడిగా ఉన్న కుర్రాడు మరుసటి రోజు పనికి రాలేదు.

ఆ రోజు నుంచి షీటును నేల మీద నాలుగు రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు, పరిచి వాటి మీద పెడతాను. కోత గీతకు అటు రెండు, ఇటు రెండు ఉంటే కోయడం పూర్తయ్యాక కూడా రెండు ముక్కలూ ఉన్నచోటే ఉంటాయి, సందు మూసుకోదు. చిన్న ముక్క కోసేటప్పుడు మాత్రం దాన్ని వదిలేయండి, స్వేచ్ఛగా కింద పడనివ్వండి. జాలిపడి కింద చెయ్యి పెట్టి పట్టుకోబోవద్దు.

లోతు అమర్చుకోవడం రెండవ పని. ప్లగ్ తీసి, బ్యాటరీ మిషన్ అయితే బ్యాటరీ ఊడదీసి, బ్లేడును చెక్క పక్కన ఆనించి చూడండి. చెక్క అడుగు నుంచి పన్ను పొడవు కంటే తక్కువ బయటికి వస్తే చాలు. 19 మిల్లీమీటర్ల ప్లైకి 22 నుంచి 24 మిల్లీమీటర్ల లోతు సరిపోతుంది. మాటిమాటికీ మార్చడం ఎందుకని పూర్తి లోతుకు బిగించి వదిలేస్తే, చెక్కలో ఇరుక్కునే బ్లేడు భాగం పెరుగుతుంది, తన్నే బలమూ పెరుగుతుంది, కింద కనబడకుండా తిరిగే పళ్లూ పెరుగుతాయి.

మూడవది కింది గార్డు. దాన్ని వేలితో వెనక్కి లాగి వదిలితే టక్కున మూసుకోవాలి. నెమ్మదిగా వస్తోందంటే లోపల పొట్టు, ప్లై జిగురు పేరుకున్నాయన్న మాట. బ్రష్‌తో శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. నూనె ధారగా పోయకండి, ఆ తడికి పొట్టు ఇంకా ఎక్కువగా అంటుకుంటుంది. గార్డును తీగతో కట్టేసిన మిషన్‌ను నేల మీద పెడితే ఏమవుతుందో ఈ గదిలో కొందరి పాదాలు చెప్పగలవు.

బ్లేడు మార్చేటప్పుడు బోల్టు ఎటు తిప్పాలన్న అనుమానం అందరికీ వస్తుంది. బ్లేడు తిరిగే వైపుకే తిప్పితే వదులవుతుంది, ఎదురు తిప్పితే బిగుస్తుంది. బ్లేడు మీద బాణం గుర్తు, గార్డు మీద బాణం గుర్తు ఒకే దిశలో ఉండాలి. మొద్దుబారిన బ్లేడుతో నెట్టి కోయడం తన్నును పిలిచి తెచ్చుకోవడమే. పొగ వాసన వచ్చిందంటే పనిముట్ల దుకాణాలున్న ఎస్.జె.పి. రోడ్డుకు వెళ్లి సాన పట్టించుకోండి. చెక్క పొడవునా కోసే నిలువు కోతలకు 24 పళ్లు, ప్లైకి 40 గానీ 60 గానీ ఉన్న బ్లేడు బాగుంటుంది. ముందు పళ్లు పైకి లేస్తాయని చెప్పాను కదా, కాబట్టి అంచు పైవైపే చిట్లుతుంది. లామినేటు మంచి ముఖాన్ని కిందికి తిప్పి కోయండి. బేస్ ప్లేటు లంబంగా ఉందో లేదో మూలమట్టంతో చూసేటప్పుడు దాన్ని పన్ను చివరకు కాకుండా బ్లేడు రేకుకు ఆనించాలి, ఎందుకంటే పన్ను రేకు కంటే మందంగా ఉంటుంది.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. రెండు చేతులతో పట్టుకోండి, కోత గీతకు ఎదురుగా కాక పక్కకు నిలబడండి, బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే చెక్కను తాకించండి, మధ్యలో దారి తప్పితే మెలితిప్పకుండా స్విచ్ వదిలి బ్లేడు ఆగాకే బయటికి తీయండి. కేబుల్‌ను భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, సైటులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉందో లేదో అడగండి. మెడలో తువ్వాలు వద్దు. దీక్షలో ఉన్న స్వాములు మాలను చొక్కా లోపలికి వేసుకొని పై గుండీ పెట్టుకోవాలి, అయ్యప్ప కోపగించుకోడు. కళ్లద్దాలతోపాటు మాస్కు కూడా పెట్టుకోండి, చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటిలో చేర్చింది.

ఇంత చేసినా వేలు తెగితే కంగారులో చేసే పొరపాటు ఒకటుంది. తెగిన వేలిని నేరుగా ఐసులో వేయకూడదు. తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచాలి. గాయం మీద గట్టిగా అదిమి పట్టి, చెయ్యి పైకెత్తి ఉంచి, 108కి ఫోన్ చేసి, వేలు అతికించే శస్త్రచికిత్స ఏ ఆసుపత్రిలో ఉందో వాళ్లనే అడగండి.

పక్క గదిలో రెండు మిషన్లు పెట్టించాను, రెండింటికీ ప్లగ్ తీసే ఉంది. ఒకదాని గార్డు బాగుంది, రెండవదాని గార్డు మధ్యలో ఆగిపోతోంది. ఇద్దరిద్దరుగా వచ్చి, ఏది ఏదో వేలితో లాగి చూసి చెప్పండి.