ఫ్యాన్ చప్పుడు ఎంత లావు గీత?

(తెర మీద: విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మూడో తరగతి గది. నేల మీద పిల్లలు, డ్రాయింగ్ కాగితాలు, క్రేయాన్లు.)

నమస్కారమండీ. ఆటిజం గురించి ఇంత చిన్న పిల్లలకు ఎలా చెప్పాలి? మొదట్లో నేను నిర్వచనం చెప్పేదాన్ని. పిల్లలు బుద్ధిగా తలూపేవారు, ఇంటర్వెల్‌లో మళ్లీ ఆటిజం ఉన్న పిల్లవాణ్ణే ఏడిపించేవారు. అందుకే ఇప్పుడు డ్రాయింగ్ పీరియడ్‌లో చెబుతున్నాను.

(దగ్గరగా: తెల్ల కాగితం, నల్ల క్రేయాన్.)

“రెండు నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. తర్వాత విన్నవన్నీ గీతలుగా గీయండి. పెద్ద చప్పుడైతే లావు గీత, చిన్నదైతే సన్నగీత.”

ఫ్యాన్, రోడ్డు మీద ఆటో హారన్, పక్క గదిలో ఎక్కాలు, ఎవరో బెంచీ లాగిన కిర్రుమన్న చప్పుడు. కాగితాలు గోడకు అంటిస్తే ఏ రెండూ ఒకలా లేవు. ఒకమ్మాయి ఫ్యాన్‌ను అసలు గీయనే లేదు. పక్కనున్న అబ్బాయి అదే ఫ్యాన్‌ను కాగితం చిరిగేంత ఒత్తి గీశాడు.

అప్పుడు చెబుతాను: “ఆటిజం ఉన్న కొందరికి ఫ్యాన్, హారన్, నా గొంతు అన్నీ ఇంతే లావుగా వినపడతాయి. వాళ్లు చెవులు మూసుకుంటే అది అల్లరి కాదు.”

తరగతిలో ఏ పిల్లవాణ్ణీ వేలెత్తి చూపించకండి. జిగురు చేతికంటితే తట్టుకోలేని పిల్లలుంటారు, బ్రష్ ఇవ్వండి. ఎవరైనా రోజూ చక్రాలే గీస్తుంటే గీయనివ్వండి.

“అంటుకుంటుందా టీచర్?” అని తప్పకుండా అడుగుతారు. అంటుకోదు. అది మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. పెద్దలకూ ఒక మాట: తల్లి పెంపకం వల్ల రాదు, టీకాల వల్లా రాదు. టీకాల భయాన్ని లేపిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ వైద్య పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి.

(తెర మీద: పెన్నుతో గీసిన నగర చిత్రం.)

ఆటిజం ఉన్న లండన్ చిత్రకారుడు స్టీఫెన్ విల్ట్‌షైర్ హెలికాప్టర్‌లోంచి చూసిన నగరాన్ని జ్ఞాపకంతోనే గీస్తారు. పిల్లలు నోరెళ్లబెట్టి వింటారు. కానీ అందరికీ అలాంటి ప్రతిభ ఉండదు, ఉండి తీరాలని ఎదురుచూడడం ఆ పిల్లల నెత్తిన మరో బరువు పెట్టడమే.

గీతల పాఠం అయ్యాక ఒకబ్బాయి అడిగాడు: “గంట కొట్టేముందే చెబితే బాగుంటుంది కదా టీచర్?” ఇప్పుడు గంటకు రెండు నిమిషాల ముందు, పిల్లలు గీసిన పసుపు సూర్యుణ్ణి గుర్తుగా వాళ్లే బోర్డుకు అంటిస్తున్నారు.

(తెర మీద: బోర్డు మీద సూర్యుడు. ఇద్దరు పిల్లలు చెవులు మూసుకుంటారు. గంట మోగుతుంది.)