తెలుగు పరీక్షకు ముందు రోజు: అలంకారాలు, ఛందస్సు జంటలుగా చదివేద్దాం

[తెర మీద: బోర్డు. ఒక పక్క "ఉపమ", ఇంకో పక్క "ఉత్ప్రేక్ష"]

నమస్తే పిల్లలూ! పదో తరగతి తెలుగు పరీక్ష ముందు రోజు చాలామంది అలంకారాల లక్షణాలన్నీ వరసపెట్టి బట్టీ కొడతారు. అప్పజెప్పమంటే గడగడా చెప్పేస్తారు. అదే ఉదాహరణ మార్చి ఇస్తే తెల్లమొహం వేస్తారు. ఉపమకూ యమకానికీ ఎవరూ తికమకపడరు కదా? ఉపమకూ ఉత్ప్రేక్షకూ మధ్యే పడతారు. మార్కులు పోయేది ఇలా పక్కపక్కన ఉండేవాటి దగ్గరే కాబట్టి, ఇవాళ జంటలుగా చదువుదాం.

[తెర మీద: ఊరి చెరువు బొమ్మ. కింద మూడు వాక్యాలు ఒక్కొక్కటిగా]

"చెరువు అద్దంలా మెరుస్తోంది." ఇది ఉపమ. చెరువు ఉపమేయం (మనం వర్ణిస్తున్నది), అద్దం ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), మెరవడం సమానధర్మం (రెండింటికీ ఉన్న లక్షణం), "లా" ఉపమావాచకం (పోలికను తెలిపే మాట). నాలుగూ దొరికాయి.

"చెరువనే అద్దంలో చందమామ ముఖం చూసుకుంటున్నాడు." ఇక్కడ పోలిక చెప్పడం లేదు, చెరువే అద్దమైపోయింది. రెండింటికీ భేదం లేదంటున్నాం కాబట్టి రూపకం.

"ఆ చెరువు నేల మీద పడిన ఆకాశపు ముక్కా అన్నట్టుంది." ఇది ఊహ. ఊహ ఉంటే ఉత్ప్రేక్ష.

ఇక్కడో చిక్కుంది. "కొబ్బరిచెట్లు ఆకాశాన్ని తాకుతున్నాయా అన్నట్టున్నాయి" అంటే ఉత్ప్రేక్ష. "అన్నట్టున్నాయి" తీసేసి "ఆకాశాన్ని తాకుతున్నాయి" అంటే? ఉన్నదాన్ని మించి చెప్పేశాం, అతిశయోక్తి అయిపోయింది. వాక్యం చివరి దాకా చదవకుండా జవాబు రాసేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు.

ఇంకో మాట. "లా", "వలె", "అట్లు" లాంటివి కనబడగానే ఉపమ అని రాసేయకండి. "అమ్మ చెప్పినట్లే చేశాను" అన్న వాక్యంలో దేన్ని దేనితో పోల్చాం? దేనితోనూ లేదు. అలంకారమూ లేదు.

[తెర మీద: లాటానుప్రాస, యమకం]

మాట రెండుసార్లు వచ్చిందనుకోండి. అర్థం మారిందా లేదా అన్నది మొదట చూడాలి. "ఆకలి వేళ పెట్టిన అన్నమే అన్నం." రెండు చోట్లా అర్థం అదే, తాత్పర్యం మాత్రం వేరు. రెండో అన్నానికి "అసలైన అన్నం" అని భావం. ఇది లాటానుప్రాస. "ఆ తోరణం శత్రువులతో రణానికి కారణమైంది" అన్నప్పుడు "తోరణం" ఒకచోట గుమ్మానికి కట్టేది, ఇంకోచోట "తో", "రణం". అర్థం మారింది, యమకం.

[తెర మీద: గురువు, లఘువు]

ఇప్పుడు ఛందస్సు, అంటే పద్యంలో అక్షరాల లెక్క. తక్కువసేపు పలికే అక్షరం లఘువు (ల), ఎక్కువసేపు పలికేది గురువు (గు). దీనికి ఇంత టెన్షన్ దేనికో నాకు అర్థం కాదు, లెక్క ప్రకారం నడిచేది తెలుగు పేపర్లో ఇదొక్కటే. (అన్నట్టు, "టెన్షన్" రెండూ గురువులే. "న్ష" ముందున్న "టె" గురువు, చివర పొల్లు ఉంది కనుక "న్షన్" కూడా గురువు.)

సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు. "చక్రం"లో "చ" గురువు. మరి "అమృతం"లో "అ"? లఘువే. "మృ"లో ఉన్నది వట్రసుడి, అది అచ్చు గుర్తు, వత్తు కాదు. అంటే "అమృతం" లఘువు, లఘువు, గురువు. ఇలాంటి అక్షరాల గుంపును గణం అంటారు, ఇది సగణం. ఈ ఒక్కటీ పొరపాటు పడితే తర్వాతి గణాలన్నీ తప్పుతాయి.

[తెర మీద: రెండు వరసలు, ఒకదాని కింద ఒకటి.
చంపకమాల: ల ల ల | ల గు ల | గు ల ల | ల గు ల | ల గు ల | ల గు ల | గు ల గు
ఉత్పలమాల: గు ల ల | గు ల గు | ల ల ల | గు ల ల | గు ల ల | గు ల గు | ల గు]

ఇవి రెండు రకాల పద్యాలు. ఒక్కో పాదంలో వచ్చే గణాల పేర్లు చూడండి: చంపకమాలకు న జ భ జ జ జ ర. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ. పేర్లు చూస్తే దేనికదే వేరుగా ఉంది కదా? ఇప్పుడు చంపకమాల మొదటి రెండు లఘువులు తీసేసి అక్కడ ఒక గురువు పెట్టండి. మిగతాది కదపకుండా మళ్ళీ మూడేసి అక్షరాలుగా విడదీయండి.

[తెర మీద: మొదటి "ల ల" కలిసి "గు" అవుతుంది, గీతలు జరుగుతాయి]

ఉత్పలమాల వచ్చేసింది! 21 అక్షరాలు 20 అయ్యాయి. యతి (పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాల్సిన చోటు) 11వ అక్షరం నుంచి 10కి జరిగింది. మత్తేభం, శార్దూలాలదీ ఇదే కథ. స భ ర న మ య వ మొదట్లో ఉన్న రెండు లఘువుల చోట గురువు పెడితే మ స జ స త త గ. 20 అక్షరాలు 19, యతి 14 నుంచి 13. వీడియో ఆపి, ఇది మీ చేత్తో మీరే వేసి చూడండి. నేను చెప్పానని నమ్మొద్దు.

[తెర మీద: "కరం"]

పదజాలం త్వరగా ముగిద్దాం. కరం అంటే చేయి, కిరణం, తొండం, పన్ను. ఒక మాటకు చాలా అర్థాలు, నానార్థాలు. కరం, చేయి, హస్తం, పాణి: ఒకే అర్థానికి చాలా మాటలు, పర్యాయపదాలు. ఇవి తెలియక కాదు, ప్రశ్న సరిగ్గా చదవక తారుమారు చేస్తారు. ప్రక్రియల్లో ఆత్మకథ తన గురించి తాను రాసుకున్నది, జీవితచరిత్ర ఒకరి గురించి మరొకరు రాసినది. శతకమంటే సాధారణంగా నూరు లేదా అంతకు మించిన పద్యాలు, ఏ పద్యానికది విడిగా అర్థమవుతుంది, చాలా శతకాల్లో పద్యం చివర మకుటం, అంటే ప్రతి పద్యంలోనూ మళ్ళీ వచ్చే మాట, ఉంటుంది.

[తెర మీద: జవాబు పత్రం]

పరీక్షలో అలంకారం పేరు రాసి ఆగిపోవద్దు. లక్షణం ఒక వాక్యం, ఆ తర్వాత సమన్వయం. అంటే ఇచ్చిన వాక్యంలో ఏది ఉపమేయం, ఏది ఉపమానం అన్నది రాసి చూపించాలి.

ఇప్పుడు రెండు వాక్యాలు, మీ నోటుబుక్కులో రాయండి.

"గురువుగారు మా మనసుల్లో జ్ఞానజ్యోతి వెలిగించారు."

"వాడి పరుగు చూస్తే గాలికి కాళ్ళొచ్చాయా అన్నట్టుంది."

[తెర మీద: పది సెకన్ల గడియారం]

మొదటిది రూపకం. జ్ఞానజ్యోతికి విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విడదీసి చెప్పేది, "జ్ఞానమనెడి జ్యోతి". "అనెడి" వచ్చిందంటే రూపక సమాసం కూడా, ఒకే వాక్యం సమాసాల ప్రశ్నకూ పనికొస్తుంది. రెండోది ఉత్ప్రేక్ష. అతిశయోక్తి అని రాసినవాళ్ళు వాక్యం చివరి మాట మళ్ళీ చదవండి.