రేస్‌ట్రాక్ ప్లాయా రివ్యూ: రాయి గీసిన చాలు

అందరికీ నమస్కారం. మొదట ఒక విషయం చెప్పాలి. ఈ యాత్రకు వాడిన ఫోర్ బై ఫోర్ జీపును ఒక అద్దె వాహనాల సంస్థ మూడు రోజుల పాటు ఉచితంగా ఇచ్చింది. ఏమి చెప్పాలో వారు నాకు చెప్పలేదు కాబట్టి ఇందులోని అభిప్రాయాలన్నీ నావే. అమెరికాలో, కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్క్ గురించి, అందులోని రేస్‌ట్రాక్ ప్లాయాలో ఎవరూ ముట్టుకోకుండానే కదిలి, నేల మీద జాడలు వదిలే రాళ్ల గురించి మీరు ఇప్పటికే ఎన్నో వీడియోలు చూసి ఉంటారు. అందుకే కొలతలను క్లుప్తంగా ముగిస్తాను. సముద్రమట్టానికి సుమారు 1,130 మీటర్ల ఎత్తున, దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల పొడవున ఉన్న ఎండిన సరస్సు ఈ ప్లాయా. ఉత్తరపు కొసకూ దక్షిణపు కొసకూ ఎత్తులో తేడా నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే.

జీపు గురించి కూడా చెప్పేస్తాను. ఆరేళ్ల క్రితం ఊళ్లో తిరిగే మామూలు అద్దె కారులో ఇక్కడికి బయలుదేరాను. యూబీహీబీ అగ్నిబిలం దగ్గర తారు రోడ్డు అయిపోయాక సుమారు 43 కిలోమీటర్లు గులకరాళ్ల బాటే. సగం దారిలో పదునైన రాయి గుచ్చుకొని టైరు పక్కగోడ చీలిపోయింది. ఫోను సిగ్నలు లేని చోట మరో వాహనం వచ్చేదాకా ఎండలో నిలబడి, రాళ్లను చూడకుండానే తిరిగి వెళ్లాను. ఈసారి పక్కగోడలు దళసరిగా ఉన్న టైర్లు కావడంతో ఆ ఇబ్బంది రాలేదు. వాహనం గురించి నాకు ఇంతకంటే చెప్పాలనిపించడం లేదు, ఎందుకంటే దిగిన తరువాత చూసినది దాన్ని పూర్తిగా మరిపించింది.

రాయలసీమలో పుట్టినవాడిని నేను. యాగంటి బసవన్న ఏటేటా పెరుగుతాడనీ, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడనీ మా అవ్వ చెప్పగా విని పెరిగాను. అందువల్ల రాయి కదిలిందని ఎవరైనా అంటే, అది ఎలాగో కనుక్కోవాలని చిన్నప్పటి నుంచీ ఆత్రం. అయితే ఇక్కడ నన్ను గంటల తరబడి కూర్చోబెట్టినవి రాళ్లు వదిలిన జాడలు. కెమెరాను నేలకు ఆనించి తీసిన ఈ దృశ్యాన్ని చూడండి. సూర్యుడు కొండ మీదికి రాకముందు, ఏటవాలు వెలుతురులో ఈ జాడ నాగటి చాలులా కనిపిస్తుంది. వెడల్పు నా జానెడు, లోతు వేలి మందం కూడా లేదు. రెండు అంచులా ఒండ్రుమట్టి సన్నని గట్టుగా లేచి ఉంది. రాయి ఆగిన చోట, దాని ముందు భాగాన, నెట్టుకొచ్చిన మట్టి పెదవిలా ముడుచుకొని ఎండిపోయింది. నేలంతా నెర్రెలు విచ్చి పలకలు పలకలుగా ఉంది, ఆ నెర్రెలు చాలులోనూ ఉన్నాయి. అంటే రాయి నడిచినప్పుడు ఇది మెత్తని బురద, నెర్రెలు ఆ తరువాత వచ్చాయి. ఇక్కడే మరొకటి గమనించండి. పక్కపక్కనే ఉన్న రెండు రాళ్ల జాడలు చాలా దూరం సమాంతరంగా సాగి, ఒకే చోట, ఒకే కోణంలో మలుపు తిరిగాయి. ఈ ఒక్క మలుపు దగ్గరే నేను ఒక పూటంతా గడిపాను.

ఈ మలుపుల కారణం తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు దశాబ్దాలు పట్టింది. రాళ్ల చుట్టూ మంచు పలక గడ్డకట్టి, గాలికి రాళ్లతో సహా కదులుతుందని 1955లో జార్జ్ స్టాన్లీ ప్రతిపాదించారు. తరువాత బాబ్ షార్ప్, డ్వైట్ కేరీ అనే శాస్త్రవేత్తలు ఏడేళ్ల పాటు 30 రాళ్లకు పేర్లు పెట్టి, వాటి కదలికలను కొలిచారు. ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పున్న నాన్సీ అనే రాయి మొత్తం 262 మీటర్లు నడిచింది. మంచే కారణమైతే ఆ మంచు పలకకు ఇనుప ఊచలు అడ్డుపడి రాయిని ఆపాలి కదా అని వారు ఒక చిన్న రాయి చుట్టూ ఏడు ఊచలు పాతారు. మొదటి చలికాలంలోనే ఆ రాయి ఒక ఊచను తృటిలో తప్పించుకొని 8.5 మీటర్లు బయటికి వెళ్లిపోయింది. దానితో మంచు వాదం బలహీనపడింది. ఎంతో శ్రద్ధగా చేసిన పరిశీలన కూడా కొన్నాళ్లు తప్పుదారి పట్టించగలదని నాకు అక్కడ అర్థమైంది.

ఇప్పుడు మా వంటింటికి రండి. గ్రహ శాస్త్రవేత్త రాల్ఫ్ లోరెంజ్ తన ఇంట్లో చేసిన ప్రయోగాన్ని నేనూ చేశాను. ప్లాస్టిక్ డబ్బాలో గులకరాయిని పెట్టి, దాని కొస బయటికి కనిపించేంత నీరు పోసి, ఫ్రీజర్‌లో ఉంచాను. తరువాత ఆ మంచు బిళ్లను తిరగేసి, అడుగున ఇసుక పరిచిన నీటి పళ్లెంలో వదిలి మెల్లగా ఊదాను. చూడండి, రాయి ఇసుకలో గీత గీస్తూ పోతోంది! రాత్రి పదకొండు గంటలకు మా ఇంట్లో అందరినీ లేపి దీన్ని చూపించాను.

అసలు ప్లాయాలో జరిగేది దీనికి దగ్గరగా ఉన్నా, పూర్తిగా ఇదే కాదు. 2011 చలికాలంలో రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ అనే పరిశోధకుల బృందం జీపీఎస్ అమర్చిన 15 రాళ్లను అక్కడ ఉంచింది. ప్లాయాలోని రాళ్లకు రంధ్రాలు చేయడానికి పార్కు అనుమతించలేదు కాబట్టి ఆ రాళ్లను బయటి నుంచి తెచ్చారు. 2013 డిసెంబరు 20న ఉదయపు ఎండకు, ఏడు సెంటీమీటర్ల లోతు నీటి మీద పేరుకున్న మంచు పగులుతూ, చిన్న గాలికే రాళ్లను నెట్టడం వారు కళ్లారా చూశారు. ఆ మంచు మందం మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లే, అంటే కిటికీ అద్దమంత. అది రాయిని పైకి లేపలేదు, వెనుక నుంచి తోసింది. ఆ రోజు 60కి పైగా రాళ్లు కదిలాయి. వేగం నిమిషానికి రెండు నుంచి ఐదు మీటర్లు. చుట్టూ ఉన్న రాళ్లూ మంచూ కలిసి కదులుతుంటే, ఒడ్డున ఉన్న మనిషికి కదలిక తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. రహస్యం వీడిపోయాక ఇక చూడడానికి ఏముంది అని కొందరు అడుగుతున్నారు. ఆ జంట మలుపు ముందు కూర్చున్నప్పుడు, పగిలిన పలక ఎటు తిరిగిందో మనసులో గీసుకోగలిగాను. కారణం తెలియకపోతే ఆ ఆనందం నాకు దక్కేది కాదు.

నాకు కోపం తెప్పించినది కూడా చూపిస్తాను. ఇవి తడి నేల మీద ఎవరో నడిచిన అడుగులు, ఒక రాతి చాలును అడ్డంగా తొక్కేసి అలాగే గట్టిపడ్డాయి. 2016లో ఒక వాహనం ఈ ప్లాయా మీద దాదాపు 16 కిలోమీటర్ల చక్రాల జాడలు మిగిల్చింది. ఇక్కడ వానలు అరుదు, ఇలాంటి గాయం మానడానికి ఏళ్లు పడుతుంది. చాలు ఉండి చివర రాయి లేని చోటు కూడా ఒకటి చూశాను, రాయిని ఎవరైనా ఎత్తుకుపోయారేమోనని మనసు చివుక్కుమంది.

నా తీర్పు అడిగితే, ఇప్పటిదాకా నేను రివ్యూ చేసిన ప్రదేశాలన్నిటిలో దీన్నే ముందు పెడతాను. ఒక్క పూటలో చూసి రావాలనుకునేవారు మాత్రం వెళ్లవద్దు. బయలుదేరే ముందు పార్కు వారి రోడ్డు సమాచారం చూసుకోండి, నేల తడిగా ఉంటే ఒడ్డునే ఆగిపోండి. వచ్చే డిసెంబరులో నీళ్లు నిలిచి, రాత్రి గడ్డకట్టి, ఉదయం ఎండ కాస్తే, నేను కూడా ఆ ఒడ్డునే కెమెరా పెట్టుకొని కూర్చొని ఉంటాను.