అన్నవాహిక క్యాన్సర్: అతుకు మెడలోనా, ఛాతీలోనా?

వ్యాఖ్యాత: ఒంగోలు నుంచి శ్రోతలకు నమస్కారం. డాక్టర్ గారూ, అన్నవాహిక క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయాలనగానే పొదిలి, కొండపి వైపు నుంచి వచ్చేవారు ముందుగా ఏమడుగుతారు?

డాక్టర్: పొట్ట కోస్తారా, ఛాతీ కోస్తారా అని అడుగుతారండి. నిజానికి ముందుగా అడగవలసింది అతుకు ఎక్కడ వేస్తారని. కణితి ఉన్న అన్నవాహికను తొలగించాక, సాధారణంగా జీర్ణాశయాన్నే సన్నని గొట్టంగా మలిచి, దాని పెద్ద వంపు వెంట సాగే ధమని దెబ్బతినకుండా కాపాడుతూ పైకి తెచ్చి, మిగిలిన భాగానికి కలుపుతాము; ఆ కలిపిన చోటునే అతుకు అంటాము. గొట్టం పై కొసకు రక్తం చాలకపోతే అతుకు మానదు.

వ్యాఖ్యాత: మరి ఎక్కడ కలుపుతారు?

డాక్టర్: ఐవర్ లూయిస్ అనే సర్జన్ 1946లో వివరించిన పద్ధతిలో పొట్టను, కుడి ఛాతీని తెరిచి ఛాతీలోనే కలుపుతారు. మెక్‌కియోన్ అనే మరో సర్జన్ 1976లో ప్రచురించిన పద్ధతిలో మెడ వద్ద కూడా కోసి అక్కడ కలుపుతారు. మన దేశంలో ఎక్కువగా కనిపించే స్క్వామస్ రకం, అంటే అన్నవాహిక లోపలి పొర కణాల్లో మొదలయ్యే క్యాన్సర్, తరచుగా అన్నవాహిక మధ్యభాగంలో వస్తుంది కాబట్టి, అటువంటప్పుడు నేను రెండో పద్ధతికే మొగ్గుతాను. మెడలోని అతుకు లీకయ్యే అవకాశం ఎక్కువే, గొంతు బొంగురుపోయే ప్రమాదమూ ఉంది; అయినా మెడలో లీకైతే గాయాన్ని తెరిచి శుభ్రం చేస్తే చాలావరకు మానిపోతుంది, ఛాతీలో లీకైతే ప్రాణం మీదికి వస్తుంది. ఛాతీ తెరవకుండా పొట్ట, మెడల నుంచే తీసే పద్ధతి కూడా ఉంది, కానీ అందులో ఛాతీలోని లింఫ్ గ్రంథులను పూర్తిగా తీయలేము.

వ్యాఖ్యాత: ఏళ్ల తరబడి చుట్ట కాల్చినవారి ఊపిరితిత్తులు ఇంత ఆపరేషన్‌ను తట్టుకోగలవా?

డాక్టర్: అందుకే ముందుగా చుట్ట మాన్పించి, శ్వాస వ్యాయామాలు చేయిస్తాము. కీహోల్ పద్ధతి, అంటే పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రాల ద్వారా చేసేది, ఇటువంటివారికి మేలు. ఐరోపాలో 115 మందిపై జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ తెరిచి చేసినవారిలో 29 శాతం మందికి, కీహోల్‌లో చేసినవారిలో 9 శాతం మందికి వచ్చింది.

వ్యాఖ్యాత: ఆపరేషన్ తర్వాత చేపల పులుసుతో అన్నం తినవచ్చా?

డాక్టర్: తినవచ్చు, కాకపోతే కొంతకాలం ఆగాలి. మొదట పేగులోకి వేసిన సన్నని గొట్టం ద్వారా ఆహారం ఇస్తాము, ఆపై పలుచని జావ, తర్వాత మెత్తని అన్నం. రోజుకు మూడు పూటలకు బదులు ఐదారు సార్లు కొద్దికొద్దిగా తినాలి. రాత్రి తిన్న వెంటనే పడుకోకూడదు, మంచం తలవైపు ఎత్తుగా ఉంచుకోవాలి. ఎందుకంటే తిన్నది పైకి ఎగదన్నకుండా ఆపే కవాటం, మేము తీసేసిన భాగంతోపాటే పోయింది.