హంతకుల్ని పట్టే బామ్మలు: మార్లో ఊళ్ళో ఒక రోజు

హాయ్ అండీ, అందరికీ నమస్తే. మనమిప్పుడు ఇంగ్లండ్‌లో మెయిడెన్‌హెడ్ స్టేషన్‌లో ఉన్నాం. ఇక్కణ్ణుంచి మార్లో అనే చిన్న ఊరికి పొట్టి రైలొకటి వెళ్తుంది. దారిలో బోర్న్ ఎండ్ స్టేషన్‌లో డ్రైవర్ దిగి, ప్లాట్‌ఫాం మీద రెండో చివరికి నడిచి వెళ్ళి, అటునుంచి మళ్ళీ బండి నడుపుతాడు. ఇక్కడివాళ్ళు ముద్దుగా దీన్ని ‘మార్లో గాడిద’ అంటారు.

మార్లో ఎందుకంటే, నాకు ప్రాణమైన మర్డర్ మిస్టరీల కోసం. రక్తాలు, కత్తులు చూపించి భయపెట్టేవి కావు. వీటిని కోజీ మిస్టరీలంటారు. చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు, ఒక హత్య జరుగుతుంది. పోలీసుల కంటే ముందు దాన్ని తేల్చేది ఆ ఊళ్ళోని మామూలు మనిషి ఎవరో ఒకరు.

ఇదిగో చూడండి, మార్లో బ్రిడ్జి. 1832లో పూర్తయింది. దీన్ని డిజైన్ చేసిన విలియం టియర్నీ క్లార్కే తర్వాత బుడాపెస్ట్‌లో చెయిన్ బ్రిడ్జి కూడా డిజైన్ చేశాడు. ఇటు చర్చి, అటు థేమ్స్ నది, నీళ్ళలో హంసలు. రాబర్ట్ థొరోగుడ్ 2021లో రాసిన ‘ద మార్లో మర్డర్ క్లబ్’ జరిగేది ఇక్కడే. అందులో జూడిత్ అనే ఆవిడకి 77 ఏళ్ళు. పేపర్లకి క్రాస్‌వర్డ్ పజిల్స్ తయారుచేస్తూ నది ఒడ్డున ఒంటరిగా ఉంటుంది. ఒక సాయంత్రం థేమ్స్‌లో ఈత కొడుతుంటే అవతలి ఒడ్డున ఉన్న ఇంటి వైపు నుంచి తుపాకీ పేలిన చప్పుడు వినిపిస్తుంది. పోలీసులు నమ్మరు. దాంతో ఆవిడే రంగంలోకి దిగుతుంది. తోడుగా కుక్కల్ని షికారు తిప్పే సూజీ, చర్చి పాస్టర్ భార్య బెక్స్. బ్రిడ్జి మీద నిలబడి నదిని చూస్తుంటే ఆ సాయంత్రం సీన్ కళ్ళ ముందు కదులుతోంది నాకు.

ఈ కథల్లో నన్ను కట్టిపడేసేది హత్య కాదండీ. ఎవరూ లెక్కలోకి తీసుకోని మనిషి చూపుకి అక్కడ దొరికే విలువ. అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్ అనే బామ్మని మొదటిసారి తీసుకొచ్చింది 1927లో, ఒక చిన్న కథలో. మార్పుల్ ఇంట్లోనే అందరూ కూర్చుని, తలా ఒక మిస్టరీ చెప్పుకుందామంటారు. స్కాట్లండ్ యార్డ్, అంటే లండన్ పోలీసు మాజీ కమిషనర్, లాయరు, రచయిత, చర్చి పాస్టర్, చిత్రకారిణి. ఎంతమందిమి అని లెక్కపెడితే ఐదుగురు తేలతారు. అక్కడే కూర్చుని ఊలు అల్లుకుంటున్న ఇంటావిడని లెక్కపెట్టడమే మర్చిపోతారు! నన్ను వదిలేశారే అని ఆవిడే నవ్వుతూ గుర్తుచేస్తుంది. చివరికి జవాబు చెప్పేది కూడా ఆవిడే. నాకైతే ఈ జానర్ ప్రాణమంతా ఆ చిన్న సీన్‌లోనే ఉంది.

మార్పుల్ పద్ధతి కూడా గమ్మత్తుగా ఉంటుంది. వేలిముద్రలు, ల్యాబులు ఏమీ ఉండవు. వీడు మా ఊళ్ళో ఫలానావాడిలా ఉన్నాడే అనుకుంటుంది, అక్కణ్ణుంచి కూపీ లాగుతుంది. పోయిన వేసవిలో అమ్మ మా దగ్గరికి రెడింగ్ వచ్చింది. ఇంగ్లీషు అంతంతమాత్రం. మధ్యాహ్నాలు ఇలాంటి సీరియల్ ఏదో ఒకటి పెట్టుకుని, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ చూసేది. కథ సగం కాకముందే, “ఆ కుర్రాడేనే చంపింది. ఏడుస్తున్నాడు గానీ కళ్ళు తలుపు వైపే ఉన్నాయి” అనేది. ఎలా కనిపెట్టావమ్మా అంటే, “మన బజార్లో వడ్డీలకి తిప్పే ఆయన చిన్నకొడుకు అచ్చం ఇలాగే ఉండేవాడు” అంది. ఎన్నోసార్లు ఆవిడ మాటే నిజమైంది. మా వీధిలో ఎవరింటికి ఎవరు వస్తున్నారో, ఎదురింటి పెద్దాయన ఎందుకు బయటికి రావట్లేదో కిటికీ దగ్గర కూర్చునే చెప్పేసేది. ఆ చూపు తెలివితేటలు కాక ఇంకేమిటి?

ఇంగ్లీషు రచయిత చెస్టర్‌టన్ రాసిన ఫాదర్ బ్రౌన్ ఇంకో రకం. పొట్టిగా, గుండ్రటి ముఖంతో, చేతిలో గొడుగుతో కనిపించే ఈ ఫాదర్‌ని చూసి ఎవరూ తెలివైనవాడనుకోరు. 1910లో వచ్చిన మొదటి కథలో పేరుమోసిన దొంగ ఒకడు ఫాదర్ వేషంలో ఆయన పక్కన చేరతాడు. ఈయన హోటల్లో ఉప్పు, చక్కెర తారుమారు చేసి, గోడ మీద సూప్ చల్లి, కావాలనే గొడవలు చేస్తూ పోతాడు. పోలీసులు ఆ ఆనవాళ్ళు పట్టుకుని వెనకే రావాలని! రోజూ జనం చేసిన పాపాలు వినేవాడికి మనుషుల చెడు తెలియదనుకోవడమేంటి అన్నది ఆయన వాదన. నిజమే కదండీ.

మన తెలుగులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ని మా నాన్న అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని చదివేవారు. నాకూ ఇష్టమే. కానీ యుగంధర్ వృత్తిరీత్యా డిటెక్టివ్, పోలీసులే ఆయన సాయం అడుగుతారు. జూడిత్‌కి అలా కాదు, ముందు తన మాట వినమని పోలీసుల్నే ఒప్పించాలిగా! అందుకే ఆవిడ గెలిస్తే నాకు సంతోషం ఎక్కువ.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది రిచర్డ్ ఆస్మన్ ‘ద థర్స్‌డే మర్డర్ క్లబ్’. 2020లో వచ్చింది. వాళ్ళమ్మ ఉండే రిటైర్‌మెంట్ విలేజ్‌కి వెళ్ళినప్పుడు ఆయనకి ఈ ఆలోచన వచ్చిందట. అలాంటి చోటే నలుగురు పెద్దవాళ్ళు గురువారం గురువారం కలుసుకుని పాత కేసులు తిరగేస్తుంటారు. ఎలిజబెత్ ఒకప్పటి గూఢచారి, జాయిస్ నర్సు, ఇబ్రహీం సైకియాట్రిస్టు, రాన్ కార్మిక నాయకుడు. 2025లో నెట్‌ఫ్లిక్స్ సినిమా కూడా వచ్చింది. గాంధీ పాత్ర వేసిన బెన్ కింగ్‌స్లీయే అందులో ఇబ్రహీం. జాయిస్ డైరీ చదువుతుంటే నవ్వొస్తుంది. కానీ ఎలిజబెత్ భర్త జ్ఞాపకశక్తి మెల్లగా పోతుంటుంది. ఇంత పదునైన మనిషి ఇంటికొచ్చి, ఆయన ఏం మర్చిపోయాడో ఆయనకి తెలియకుండా చూసుకుంటుంది. అమ్మానాన్నలు దూరంగా ఉండి, ఫోన్‌లో వాళ్ళ గొంతు విని ఆరోగ్యం అంచనా వేసే మనలాంటి వాళ్ళకి అక్కడ గుండె పట్టేస్తుంది.

గొర్రెలు డిటెక్టివ్‌లైన నవల కూడా ఉందండీ! జర్మన్ రచయిత్రి లియోనీ స్వాన్ 2005లో రాసింది. ఐర్లండ్‌లో రోజూ పుస్తకాలు చదివి వినిపించిన తమ కాపరిని ఎవరో చంపేస్తే, మంద మొత్తం వాసన పట్టుకుంటూ వెతుకుతుంది. వాటిలో తెలివైన గొర్రె పేరు మిస్ మేపుల్. చదివి చూడండి.

ఒక్కటి మాత్రం నాకు నచ్చదు. కొన్ని కోజీల్లో కేకులు, టీలు, పిల్లుల ముచ్చట్లలో పడి చనిపోయిన మనిషిని అందరూ మర్చిపోతారు. మంచి రచయితలు అలా చెయ్యరు. పోయినవాడు ఎంత చెడ్డవాడైనా, వాడి కోసం నిజం తేలాలని ఒక్కరైనా పట్టుబడతారు.

అమ్మానాన్నలు మీ దగ్గరికి వచ్చినప్పుడు, మధ్యాహ్నం పూట ఒక ఎపిసోడ్ సబ్‌టైటిల్స్‌తో పెట్టి పక్కన కూర్చోండి. మధ్యలో ఆపి, ఎవరు చంపారో అడగండి. ఎందుకలా అనిపించిందో కూడా అడగండి. మన ఊరి కథలు ఎన్ని బయటికొస్తాయో!