చివర అంటించిన పోస్టరే కనబడుతుంది

అందరికీ నమస్కారం. పొద్దున గాంధీనగర్ మీదుగా వస్తూ ఓ గోడ దగ్గర ఆగాను. పోస్టర్ మీద పోస్టర్, దానిమీద ఇంకోటి, అట్టలు కట్టేసి ఉన్నాయి. ఓ మూల చిరిగితే కింద పాత సినిమా హీరో కన్ను కనబడుతోంది. డూమ్ గేమ్‌లో మాడ్, అంటే ఆటగాళ్లు చేసుకున్న మార్పుల ఫైలు, ఎలా లోడవుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

డూమ్ 1993లో వచ్చింది. గేమ్‌ను నడిపే ఇంజిన్ సోర్స్ కోడ్‌ను దాన్ని తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ 1997 డిసెంబరులో బయటపెట్టింది. 1999లో అది జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కిందికి వచ్చింది. బొమ్మలు, శబ్దాలు, లెవెల్స్ ఉండే వాడ్ ఫైళ్లకు మాత్రం ఆ అనుమతి లేదు. అందుకే ఫ్రీడూమ్ అనే ప్రాజెక్టు వాళ్లు ఆ సరంజామా అంతా సొంతంగా తయారుచేశారు. ఇవాళ మనం వాడబోయేది అదే.

వాడ్ ఫైల్లో మొదటి 12 బైట్లు హెడర్: నాలుగక్షరాల గుర్తు, లోపల ఎన్ని ముక్కలున్నాయో లెక్క, వాటి జాబితా ఎక్కడుందో ఆచూకీ. ఒక్కో ముక్కను లంప్ అంటారు. పేరు 8 అక్షరాలు దాటకూడదు. ఇంజిన్ ఏ లంప్ కావాలన్నా జాబితా చివరి నుంచి వెనక్కి వెతుక్కుంటూ వస్తుంది. గేమ్ మొదలుపెట్టే కమాండ్‌లో డాష్ ఫైల్ అని కొట్టి మీ మాడ్ పేరు ఇస్తే అది చివర చేరుతుంది కాబట్టి ముందు అదే దొరుకుతుంది. అడుగున ఉన్న అసలు ఫైలు చెక్కుచెదరదు. ఇది తెలియని రోజుల్లో నేను అసలు వాడ్‌నే తెరిచి మార్చి సేవ్ చేశాను. కాపీ కూడా దాచుకోలేదు, మొత్తం పోయింది. దయచేసి మీరా పని చేయకండి.

అసలు చిక్కు గోడల దగ్గర వస్తుంది. ఒకరు మొదటి లెవెల్, ఇంకొకరు రెండో లెవెల్ చేశారనుకోండి, ఇద్దరూ కొత్త గోడలు పెట్టారు. గోడల మీది బొమ్మల్ని టెక్స్చర్లంటారు, వాటి పేర్లు టెక్స్చర్1 అనే లంప్‌లో ఉంటాయి. రెండు మాడ్లూ కలిపి లోడ్ చేస్తే రెండో మాడ్‌లోని ఆ లంప్ మొదటిదాన్ని మొత్తంగా కప్పేస్తుంది. మొదటి లెవెల్లోకి అడుగుపెట్టగానే టెక్స్చర్ దొరకలేదంటూ గేమ్ ఆగిపోతుంది. లెవెల్ చేసినవాళ్ల తప్పేమీ లేకపోయినా మాట వాళ్లమీదికే వస్తుంది, అది నాకు బాధ. జీజెడ్‌డూమ్ అనే కొత్త ఇంజిన్ రెండు జాబితాలనూ కలుపుకుంటుంది. పాత ఇంజిన్ పద్ధతిలోనే నడిచే చాకొలెట్ డూమ్‌లో మీరే జాబితాలు కలపాలి.

ఇక ల్యాప్‌టాప్‌లు తెరవండి. ఫ్రీడూమ్ వాడ్‌ను కాపీ చేసుకుని, ఆ కాపీని ఫైల్లోని బైట్లను నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో పెట్టి, మొదటి నాలుగక్షరాలు ఏమిటో చదివి చెప్పండి.