పంది అండం పొర నుంచి గుర్రాలకు టీకా

అందరికీ నమస్కారం. అండం చుట్టూ జోనా పెల్యూసిడా అనే సన్నటి, పారదర్శకమైన పొర ఉంటుంది. శుక్రకణం ముందు దీనికే అతుక్కోవాలి, దీన్ని దాటుకునే లోపలికి పోవాలి. ఈ పొరలోని ప్రోటీన్లు మనుషుల్లో నాలుగు: జడ్‌పీ1 నుంచి జడ్‌పీ4 వరకు. వాటిని యాంటీబాడీలతో కప్పేస్తే శుక్రకణానికి పట్టు దొరకదు. గర్భం రాకుండా ఆపే టీకా వెనకున్న ఆలోచన ఇంతే.

చిక్కేమిటంటే, సొంత ప్రోటీన్ మీదికి శరీరం అంత తేలిగ్గా దాడికి దిగదు. అందుకే పందిది వాడారు. కబేళాల్లో వచ్చే పంది అండాశయాల నుంచి ఈ పొరను వేరుచేసి, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందు కలిపి ఇస్తారు. గుర్రం శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి యాంటీబాడీలు తయారుచేస్తుంది. రెండింటికీ పోలిక ఉండడంతో అవి సొంత అండాన్ని కూడా పట్టుకుంటాయి. మోసమే అనుకోండి! పిల్లుల దగ్గర మాత్రం ఈ ఎత్తు పారలేదు.

అమెరికాలో మేరీల్యాండ్ తీరాన ఉన్న అసాటీగ్ దీవిలో అడవి గుర్రాలున్నాయి. జే కిర్క్‌ప్యాట్రిక్ బృందం 1988లో అక్కడ ఈ టీకాను పరీక్షించింది. పట్టుకోవడం, కట్టేయడం ఏమీ లేదు. దూరం నుంచి డార్ట్, అంటే టీకా నింపిన సూదిబాణం, వేయడమే. 1994 నుంచి చాలా ఏళ్లు గుర్రాల సంఖ్యను అదుపులో పెట్టడానికి దీన్నే వాడారు. ఏటేటా ఈనే బాధ తప్పిన ఆడగుర్రాలు ఎక్కువ కాలం బతికాయి కూడా. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో ఏనుగుల మీద కూడా 1990ల్లోనే ప్రయోగాలు జరిగాయి.

మరి ఆడవాళ్లకు ఎందుకు రాలేదని మీరు అడుగుతారు. కుందేళ్లలో, కోతుల్లో చేసిన కొన్ని ప్రయోగాల్లో అండాశయమే దెబ్బతింది, ఎదగాల్సిన అండాలు తగ్గిపోయాయి. వరసగా ఏళ్ల తరబడి టీకా వేసిన గుర్రాల్లోనూ కొన్నింటికి గర్భం మళ్ళీ నిలవడం బాగా ఆలస్యమైంది. కావాలనుకున్నప్పుడు ఆపుకోలేని దాన్ని గర్భనిరోధకం అనడం నాకైతే ఇష్టం లేదు.

ఇంకోటి, మందకు సరిపోయే లెక్క మనిషికి సరిపోదు. ఢిల్లీలో జి.పి.తల్వార్ బృందం అండం పొర జోలికి పోకుండా, గర్భం నిలిపే హెచ్‌సీజీ హార్మోన్ మీద టీకా చేసింది. 1994లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, 148 మంది మహిళల్లో 119 మందికి తగినన్ని యాంటీబాడీలు వచ్చాయి. యాంటీబాడీలు ఆ మోతాదులో ఉన్న 1,224 నెలసరి చక్రాల్లో ఒక్క గర్భమే వచ్చింది. ఇది గొప్ప ఫలితమే, కాదనను. కానీ మిగిలిన 29 మంది సంగతి? తనకు టీకా పనిచేస్తోందో లేదో రక్తపరీక్ష లేకుండా ఆ మనిషికి ఎలా తెలుస్తుంది? గుర్రాల మందలో పదింటిలో రెండు ఈనినా ఎవరికీ టెన్షన్ ఉండదు.

ఆస్ట్రేలియాలో జరిగింది వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఎలుకలకు గొడ్డుతనం తెప్పించాలని, అండం పొర ప్రోటీన్‌ను మోసే ఎలుకమశూచి వైరస్‌ మీద పరిశోధన నడిచింది. యాంటీబాడీలు పెంచాలని వైరస్‌కు ఇంటర్‌లూకిన్-4 (రోగనిరోధక కణాలకు సంకేతాలిచ్చే ప్రోటీన్) జన్యువును చేర్చారు. ఆ వైరస్, ఎలుకమశూచిని సహజంగా తట్టుకునే ఎలుకల్నీ, ముందే టీకా పడినవాటిలో కొన్నింటినీ చంపేసింది. 2001లో ఆ ఫలితాలు అచ్చయ్యాక ఈ పనిని చూసే కళ్లే మారిపోయాయి.

మన ఊళ్ళలో కోతులకు కూడా ఇలాంటి డార్ట్ వేయొచ్చు కదా అని చాలామంది అడుగుతుంటారు. అసాటీగ్‌లో ప్రతి గుర్రాన్నీ రంగు, మచ్చల ఆనవాళ్లతో గుర్తుపట్టి, దేనికి ఎప్పుడు వేశారో రాసిపెట్టుకునేవారు, ఎందుకంటే ఏటా మళ్ళీ వేయాలి. గుడి మెట్ల మీద గుంపుగా దూకే కోతుల్లో పోయినేడు టీకా పడింది ఏదో చూపించమంటే మీలో ఎవరు చూపిస్తారు?